శవం నంబరు రెండు

1974 నవంబరు 12, మంగళవారం. మద్రాసులో పొద్దున్నుంచీ సన్నగా ముసురు. కోడంబాకంలోని ఎడిటింగు గదిలో నరహరి ముఖం అంతకంటే ముసురు పట్టి ఉంది.

అది అతని మొదటి సినిమా. ఒంటరి ముసలివాళ్ల ఇళ్లలో అద్దెకు దిగి, వాళ్లను చంపి నగలతో ఉడాయించిన మొగుడూపెళ్లాల కథ, నిజంగా జరిగిన కేసు. రంగుల ఫిల్ముకు స్తోమత లేక నలుపు తెలుపులోనే తీశాడు. ఒకందుకు అదే నయమైంది. నెత్తురుకు చాక్లెట్ పాకం సరిపోయింది. షూటింగు అయ్యాక మిగిలిన నెత్తుర్ని యూనిట్ వాళ్లు నాకేశారు కూడా. ఇంతా చేస్తే, ముందురోజు వేసి చూపించినప్పుడు రెండో హత్య దగ్గర పంపిణీదారు ఆవులించాడు. వారం గడువిచ్చాడు. ఈలోగా భయం పుట్టించలేకపోతే సినిమా డబ్బాల్లోనే ఉండిపోతుంది.

గత్యంతరం లేక గురువుగారిని పిలుచుకొచ్చాడు. భావనారాయణ గారు ముప్పై ఏళ్లు సినిమాలు కత్తిరించి, చూపు మందగించి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. నరహరికి ఫిల్ము ముట్టుకోవడం నేర్పింది ఆయనే. కత్తి ఇంకాస్త సేపు చూపించాలా, కేక పెంచాలా అని శిష్యుడు గుక్క తిప్పుకోకుండా అడుగుతూ పోయాడు.

ఆయన మెషీను దగ్గరికే పోలేదు. కొక్కేలకు వేలాడుతున్న ఫిల్ము ముక్కల్లో ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు. అందులో ఒక ముసలావిడ తలుపు తీస్తోంది. ముక్క చివర మైనపు పెన్సిలుతో రాసి ఉంది: శవం-2.

"ఈవిడ పేరేమిట్రా?"

"కోర్టు కాగితాల్లో ఉంటుందండీ. ముక్కలు కలిసిపోకుండా శవాలకి నంబర్లేసుకున్నాను."

"తలుపు తీస్తోంది కదరా. అప్పుడే శవమెలా అయింది?"

పంచె చెంగుతో ఆ అక్షరాలు తుడిచి, పెన్సిలు శిష్యుడి చేతిలో పెట్టారు. కాఫీ వచ్చింది, ఆయన తాగారు. నరహరి పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మర్నాడు రైలెక్కి చీరాల దగ్గర ఆ రెండో హత్య జరిగిన ఊరు వెళ్లాడు. ఆవిడ పేరు తాయారమ్మ. మిగతాది పక్కింటి కామేశ్వరి చెప్పింది. పొద్దువాలితే ఎవరికీ తలుపు తీయని మనిషి, అద్దెకొచ్చిన పిల్ల కడుపుతో ఉందంటే నమ్మి, అడిగినప్పుడల్లా చింతకాయ పచ్చడి నూరి పెట్టేదట. ఆ రోజు కూడా పచ్చడి గిన్నె పట్టుకునే తలుపు తీసిందట.

తిరిగొచ్చి ముక్క మీద పేరు రాశాడు. వేషం వేసిన ముసలావిడను మళ్లీ పిలిచి, మిగిలిన కాస్త ఫిల్ముతో ఆ పచ్చడి నూరడం, గిన్నెతో తలుపు దాకా నడవడం తీశాడు. కత్తి షాట్లు మూడు కోసేశాడు.

గడువు రోజున మళ్లీ ప్రదర్శన. తాయారమ్మ గిన్నె పట్టుకుని తలుపు వైపు నడుస్తుంటే, ఆవులించిన పంపిణీదారే "తీయకమ్మా" అన్నాడు, తనలో తను. గురువుగారు శిష్యుడి వీపు మీద చెయ్యి వేసి, సినిమా అయ్యేదాకా తియ్యలేదు.

చివర ఉరిశిక్ష దృశ్యం బదులు నరహరి తెర మీద నాలుగు మాటలు వేశాడు: తాయారమ్మ ఇల్లు తమ్ముడి కొడుక్కి వచ్చింది. దొరికిన నగలు అతని భార్యకి వెళ్లాయి. ఇత్తడి సామాను తాయారమ్మ ఆడపడుచు పట్టుకుపోయింది. పక్కింటి కామేశ్వరికి ఏమీ రాలేదు. ఏటా తాయారమ్మ పోయిన తిథికి వంట మాత్రం తనే చేస్తోంది.