పొట్టు లేని వాకిళ్ళు

జొన్నచేనికీ వాగుకీ మధ్య పొడవాటి గట్టొకటి ఉండేది. గట్టంతా ఎలుకలదే. చేను పండిన రోజుల్లో అక్కడ కొత్తకాపురం పెట్టాలంటే జానెడు జాగా దొరికేది కాదు. తన గోడ తవ్వుకుంటూ పోయి పక్కవాళ్ళ పడకలో తేలిన ఎలుకలెన్నో, వాటి తగువులు తీర్చలేక పెద్దలు పడ్డ అవస్థలెన్నో. పిల్లల గోలకి కునుకు పట్టడం లేదని ముసలి ఎలుకలు విసుక్కునేవి. ఆ గోల విలువేమిటో అది ఆగిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు.

చేను బీడు పడింది. గింజ లేదు, గింజ లేక తల్లుల్లో పాలు లేవు, ఈతకి పదిమంది పుట్టే ఇంట్లో ఇద్దరు పుట్టడం మొదలైంది. పుట్టినవాళ్ళు కూడా కాళ్ళు వచ్చీ రాగానే వేరే దారి చూసుకున్నారు. ముందు గట్టు చివరి ఇళ్ళు ఖాళీ అయ్యాయి, తర్వాత మధ్యవి.

మధ్యలోనే ఉండేది గరికమ్మ ఇల్లు. పచ్చి బాలింతరాలు, పిల్లలింకా కళ్ళు తెరవలేదు. అటు ఇల్లు ఖాళీ, ఇటు ఇల్లు ఖాళీ. ఇదివరకు గద్ద నీడ గట్టు మీద పడకముందే ఎవరో ఒకరు కీచుమనేవారు, అందరూ లోపల దూరేవారు. ఇప్పుడు చూసేవాళ్ళెవరు, అరిచేవాళ్ళెవరు? గింజ కోసం బయటికి వెళ్ళిన ప్రతిసారీ గరికమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే వెళ్ళేది. దానికి తోడు కుడిపక్క పాడుబడిన ఇంటి వాకిట్లో ఒకరోజు పాము కుబుసం కనబడింది. ఆనాటినుంచి గోడ అవతల ఏదో బరువైనది మెల్లగా ఈడ్చుకుపోతున్న చప్పుడు వింటూ పిల్లల్ని కడుపు కింద పెట్టుకుని కూర్చునేది.

"తాతా, నా పక్కింట్లో నాగుపాము దిగింది" అని ఊరిపెద్ద మీసాల తాతతో చెప్పింది.

"తెలుసమ్మా. పైకి అనకు. అంటే ఆ మిగిలిన నాలుగు ఇళ్ళు కూడా లేచిపోతాయి" అన్నాడు తాత.

ఎలుకల్లో ఒక ఆచారముంది. తెల్లవారగానే ప్రతి ఇల్లాలూ లోపలి కొత్తమన్ను తీసుకొచ్చి వాకిట్లో తొయ్యాలి, మనిళ్ళల్లో కళ్ళాపి చల్లుకున్నట్టు. మీసాల తాత పొద్దున్నే గట్టు పొడవునా నడిచి ఆ మన్ను చూసుకునేవాడు. కొత్తమన్ను ఉన్న వాకిలైతే కాపురం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పేది కాదు, అందుకే ఆ లెక్క మీద అందరికీ అంత గురి.

ఆ గురినే ఎవరో కనిపెట్టారు.

ఒక ఉదయం కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద వాలింది. కాకిని నమ్మే ఎలుక లేదు గానీ, పైనుంచి నాలుగు ఊళ్ళు చూసి వచ్చేది అదొక్కటే కాబట్టి అది నోరు తెరిస్తే అందరూ చెవులు రిక్కించేవారు.

"ఇంకా ఇక్కడే పడున్నారేమర్రా? వాగు అవతల దిబ్బ చూశారా? రోజుకో కొత్త ఇల్లు లేస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే మీకు జాగా మిగలదు."

తాత వాగు ఒడ్డుదాకా వెళ్ళి చూశాడు. నిజమే. దిబ్బ నిండా వాకిళ్ళు, ప్రతి వాకిట్లో తడి ఆరని ఎర్రటి కొత్తమన్ను.

"అంతమంది చేరారంటే ఊరికే చేరతారా" అన్నాడు ఆయన తిరిగొచ్చి. ఆ మాట చాలు. మర్నాడు ఒక కుటుంబం వాగు దాటింది. వాళ్ళు వెళ్ళడంతో ఇక్కడ ఇంకాస్త బోసిపోయింది, బోసిపోయిందని భయపడి ఇంకో కుటుంబం వెళ్ళింది. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అక్కడ అంత బాగుందన్నమాట అనుకున్నారు ఉన్నవాళ్ళు.

గరికమ్మ మగడు పెసరయ్య కూడా వెళ్ళాడు. "ముందు నేను పోయి మంచి చోటు చూసి, ఇల్లు తవ్వి వస్తా. పిల్లల్ని అప్పుడు తీసుకెళదాం" అని, పడకలోంచి ఒక పత్తిపింజ నోట కరుచుకున్నాడు. కొత్తింట్లో పాతింటి పింజ వేస్తే ఆ ఇల్లు వాళ్ళదైనట్టు. పొద్దు రెండుసార్లు గుంకింది, అతను రాలేదు.

"పెసరయ్యా? తవ్వుకుంటూ తీరిక లేకుండా ఉన్నాడమ్మా" అంది కాకి. "పిల్లల్ని తీసుకుని నిన్నే రమ్మన్నాడు."

గట్టు మీద ఇంకా మిగిలిన తోకమ్మ అప్పటికే మూటా ముల్లే సర్దుకుంది. వరసకి గరికమ్మకి వదిన. "రేపు పొద్దున్నే మేం కదులుతున్నాం గరికా. నువ్వూ రా. ఒక్కదానివి ఆ పాము పక్కన ఎలా ఉంటావే? ఇద్దరు పిల్లల్ని నేను పట్టుకుంటా" అంది.

గరికమ్మకి ఉండాలన్నా భయమే, వెళ్ళాలన్నా భయమే. పసిగుడ్లని నోట పట్టుకుని వాగు దాటాక అక్కడ చోటు లేదంటే?

"నేను ఒక్కదాన్నే పోయి చూసొస్తా వదినా. వచ్చేదాకా పిల్లల్ని చూడు" అంది.

మిట్టమధ్యాహ్నం, గద్దలు కూడా చెట్టెక్కే ఎండలో, గరికమ్మ వాగు ఇసుక దాటి దిబ్బ ఎక్కింది. మొదటి వాకిలి ముందు ఆగింది. కొత్తమన్ను ఉంది. రెండో వాకిలి. కొత్తమన్నే. అయినా కాలు ముందుకి పడలేదు. ఏదో లోటుంది, ఏమిటో తెలియడం లేదు. మూడో వాకిలి దగ్గర తెలిసింది. పొట్టు లేదు.

ఎలుక తిన్నచోట పొట్టుంటుంది. జొన్నో, సామో, ఆఖరికి గడ్డిగింజో ఒలుచుకుని వాకిట్లో రాల్చని ఇల్లు ఏ ఊళ్ళోనూ ఉండదు. ఇంతమంది చేరిన ఊళ్ళో ఒక్కరూ ఒక్క గింజ తినలేదా? తల లోపలికి పెట్టి చూసింది. బొరియ బారెడు కూడా పోలేదు, మూసుకుపోయింది. గోడల మీద పెద్ద పెద్ద గోళ్ళ గీతలు. వాకిలి పక్కన దుమ్ములో పత్తిపింజ పడి ఉంది.

గరికమ్మకి దాన్ని వాసన చూడాల్సిన పని లేకపోయింది.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. రేగుపొద వెనక నుంచి ఆవులింత వినబడింది. "ఈ తవ్వుడుతో నా గోళ్ళు అరిగిపోతున్నాయి. ఇంకెంతమంది ఉన్నార్రా అక్కడ?" అంటోంది నక్క.

"కొద్దిమందే. రేపు ఒక కుటుంబం వస్తుంది. బాలింతరాలొకతి నానుస్తోంది" అంది కాకి. "నా వాటా మాత్రం మర్చిపోకు."

గరికమ్మ ఎలా వాగు దాటిందో తనకే తెలియదు. గట్టెక్కి, పిల్లల్ని చూసుకుని, అప్పుడు కూలబడింది. విన్నదంతా చెప్పింది. తోకమ్మ మూట జారవిడిచి గోడకి ఆనుకుంది.

"నేనే పంపాను అందర్నీ. మన్ను చూసి పంపాను" అన్నాడు మీసాల తాత.

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దాం తాతా. మనం వెళ్ళకపోతే నక్కే ఇక్కడికి వస్తుంది. పిల్లల్ని పట్టుకుని పరిగెత్తలేను" అంది గరికమ్మ. చెబుతూండగానే గోడ అవతల బరువైనది కదిలి, మళ్ళీ సద్దుమణిగింది. గరికమ్మ ఆ గోడ వైపే చూస్తూ ఉండిపోయింది.

"రానిద్దాం. ఏ ఇంటికి రావాలో మనం చెబుదాం" అంది.

ఆ సాయంత్రం ఊళ్ళో ఉన్న పొట్టంతా పాము వాకిట్లోకి చేరింది. తెచ్చేవాళ్ళ నోళ్ళలోంచి పొట్టు సగం దారిలోనే రాలింది. వాగులో కప్పని మింగి వచ్చిన పాము లోపల మత్తుగా పడుకుంది. ఊపిరి తీస్తుంటే ఆ గాలి గరికమ్మ మీసాలకి తగిలింది. అయినా ఆగకుండా కొత్తమన్ను తోసింది. ఆఖరున తన పిల్లల కిందనుంచి పాలవాసన కొట్టే పడకగడ్డి లాగి తెచ్చి ఆ గుమ్మంలోనే పరిచింది. పిల్లలు వట్టి నేల మీద పడుకున్నారు. మిగతా వాకిళ్ళన్నీ లోపలినుంచి మన్నుతో పూడ్చేశారు.

తెల్లవారింది. కాకి వచ్చింది. "ఏం తాతా, ఎవరూ బయల్దేరలేదే?"

తాత తుమ్మవేరు పక్కనున్న చిన్న కన్నంలోంచి మీసాలు మాత్రమే బయటపెట్టాడు. "విడివిడిగా ఉండాలంటే భయమేసి అందరం ఒకే ఇంట్లో చేరాం నాయనా. బాలింత, పిల్లలు, అందరూ. అదుగో, పొట్టున్న ఇల్లు. రేపు మంచిది చూసుకుని అంతా ఒక్కసారే దాటేస్తాం."

అందరూ ఒకే ఇంట్లో ఉన్నారని విన్నాక నక్కకి రేపటిదాకా ఆగే ఓపిక ఉంటుందా? ఎండెక్కకముందే గట్టు మీద దాని అడుగులు వినబడ్డాయి. గరికమ్మ పిల్లల నోళ్ళు తన పొట్టకి అదుముకుంది. అడుగులు తన వాకిలి ముందు ఆగాయి. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. పైకప్పునుంచి మన్ను రాలి పిల్లల మీద పడింది. కాసేపటికి అడుగులు పక్కకి కదిలాయి.

"అబ్బ, ఎంత నిండు సంసారమో" అంది నక్క పొట్టు చూసి, గడ్డిలోని పాలవాసన ఆస్వాదించి, మూతి కళ్ళదాకా లోపలికి దూర్చింది.

బుస్సుమన్న శబ్దం ఒక్కసారే వినబడింది. నక్క అరుపు వాగుదాకా వెళ్ళి, ఇసుకలో తడబడి, దిబ్బ చేరకముందే ఆగిపోయింది. కాసేపటికి కాకి అక్కడ వాలింది. తన వాటా తను తీసుకుంది.

పాము మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే గోడ అవతల ఉంది. పిల్లలు కళ్ళు తెరిచిన రోజునే ఎలుకలు గట్టు దిగి వాగు పైకి నడిచాయి. కంది వేసిన చేను పక్కన ఒక చిన్న మిట్ట తగిలింది. అక్కడ ఇదివరకే ఉన్న ఎలుకల ఇళ్ళు అన్నీ కలిపి గుప్పెడుంటాయేమో. మీసాల తాత అలవాటు కొద్దీ మన్ను వైపు చూడబోయి, తల తిప్పుకుని, గరికమ్మ వైపు చూశాడు. ఆవిడ ప్రతి గుమ్మం ముందూ వంగి, తాజా కందిపొట్టు నోట్లో వేసుకుని కొరికి చూసింది. ఆ తర్వాతే పిల్లల్ని కిందికి దించింది.

ఊరు నిండుగా కనబడితే సరిపోదు, అందులో ఉన్నవాళ్ళు నాలుగు మెతుకులు తిని బతుకుతున్నారో లేదో చూసుకునే కాపురం పెట్టాలి.