గోడ దాటని ఇంటర్నెట్

తాటిగుమ్మి ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, లైబ్రరీ నడిపే పైడిరాజు ఇంట్లో అందరికీ తెలివెక్కువని. ఆ సంగతి మీకెలా తెలుసని అడిగితే, "వాళ్ళే చెప్పారు" అంటారు.

"చదువుకున్నోళ్ళు సగం చదివి సగం ఊహించుకుంటారు. మనం అలా కాదు. రాసింది రాసినట్టు చేస్తాం" అనేవాడు పైడిరాజు మీసం దువ్వుకుంటూ. భార్య సన్యాసమ్మ, బావమరిది గౌరీసు "అదీ మాట!" అని తలలూపేవారు.

కూతురు ఝాన్సీ ఒక్కతే ఊపేది కాదు. ఆ పిల్లకి తీరికేదీ! ఊరంతట్లో ఫోనుకి సిగ్నలందేది మంచినీళ్ళ ట్యాంకు పైన ఒక్కచోటే. పదో తరగతి పాఠాలు ఫోన్లో చూడాలంటే రోజూ ఆ తుప్పు పట్టిన ఇనప నిచ్చెన ఎక్కాల్సిందే. పిల్ల ఒక్కో మెట్టూ పైకెక్కుతుంటే, కింద పైడిరాజు గుండె ఒక్కో మెట్టూ కిందికి జారేది.

అలాంటప్పుడు పట్నం ఆఫీసు నుంచి కబురొచ్చింది. బళ్ళకీ లైబ్రరీలకీ చవగ్గా ఇంటర్నెట్ ఇస్తారట. దరఖాస్తు శుక్రవారం సాయంత్రంలోగా చేరాలి. చేరకపోతే మళ్ళీ వచ్చే ఏడే.

"వచ్చే ఏటి దాకా నా బిడ్డని ట్యాంకు మీద కూచోబెడతానా!" అని పైడిరాజు కాగితాల కట్ట విప్పాడు. దిబ్బరొట్టె అంత మందం ఉంది. మొదటి మాటే 'ఏ గడీ ఖాళీగా వదలరాదు' అని.

"పాత కనెక్షన్ నంబరు అడిగాడు గౌరీసూ. మనకి లేదే!"

"ఖాళీ వదలొద్దన్నాడు కదా బావా. మన గేదె చెవికి వేలాడుతున్న నంబరు రాసెయ్."

రాసేశాడు. చివర్న ఇంకో పెద్ద గడి. 'ఆఫీసు వారి కొరకు. ఇక్కడ ఏమీ రాయరాదు.'

పైడిరాజు కలం ఆగింది. ఖాళీ వదలకూడదు. రాయకూడదు. ఎలా మరి?

"ఎలా ఏంటయ్యా? రాయొద్దన్నారు గానీ ముగ్గెయ్యొద్దన్నారా?" అంది సన్యాసమ్మ. అంతే. చుక్కలు పెట్టి చక్కటి మెలికల ముగ్గు వేసేసింది.

తర్వాత 'ప్రతి పేజీ మీదా సంతకం ఉండాలి' అని ఉంది.

"ఏ పేజీ బావా?"

"ప్రతి పేజీ అని చెప్పాక ఏ పేజీ అంటావేంట్రా? తెలివి తక్కువోడిలాగ!"

ఇంకేముంది! లైబ్రరీ బీరువాలన్నీ తెరిచారు. పంచాంగాలు, పంటల పుస్తకాలు, వంటల పుస్తకాలు, ఏదీ వదల్లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని సంతకాలే సంతకాలు. నిఘంటువు దగ్గరికొచ్చేసరికి గౌరీసు చెయ్యి బూరెలా పొంగింది. తేరుకుని చూస్తే గురువారమైపోయింది.

ఇంకొక్కటే మిగిలింది. 'సొంత భవనం ఉన్నట్టు ఆధారం జతచేయాలి.'

"నాన్నా, పన్ను కట్టిన రసీదు పెడితే చాలు" అంది ఝాన్సీ.

"రసీదు వట్టి కాగితమమ్మా. భవనం ఉందని చెప్పాల్సింది భవనమే" అని పైడిరాజు గునపం అందుకున్నాడు. లైబ్రరీ గోడలోంచి ఒక ఇటుక ఊడబీకి, దరఖాస్తుకి పురికొసతో గట్టిగా కట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని శుక్రవారం బస్సెక్కాడు.

ఆఫీసులో వసుంధర మేడం కళ్ళజోడు సవరించుకుంది. "ఇదేంటండీ?"

"భవనం మేడం. మిగతాది ఊళ్ళో ఉంది."

మేడం పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇన్నేళ్ళ నా సర్వీసులో ఒక్క గడీ వదలకుండా నింపింది మీరొక్కరే. మంజూరు పోండి!" అని ముద్ర ఎక్కడ వెయ్యాలో తెలీక ముగ్గు మధ్యలో వేసింది. "భవనం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి" అని ఇటుక చేతిలో పెట్టింది.

పది రోజులకి లైబ్రరీలో పచ్చ దీపం మిణుకుమిణుకుమనే పెట్టె బిగించి వెళ్ళారు. దాంతోపాటు నిబంధనల కాగితం ఒకటి. పైడిరాజు గొంతు సవరించుకుని చదివాడు: "ఈ ఇంటర్నెట్ గ్రంథాలయం గోడలు దాటి బయటికి పోరాదు. పోయినచో కనెక్షన్ రద్దు."

ముగ్గురూ కిటికీల వైపు చూశారు. బార్లా తెరిచి ఉన్నాయి!

సన్యాసమ్మ పరుగెత్తి కిటికీ దగ్గర చెయ్యి పెట్టింది. "చల్లగా తగుల్తోందయ్యో! పోతోంది, పోతోంది!"

ఇంకేముంది! ఇటుకలొచ్చాయి, సిమెంటొచ్చింది. కిటికీలు పూడ్చారు. "తలుపు కింద సందుంది బావా" అన్నాడు గౌరీసు. తలుపూ పూడ్చారు. లోపలి నుంచి కడితే గట్టిగా ఉంటుందని లోపల నిలబడే కట్టారు. ఇక మిగిలింది, ఆధారం కోసం ఇటుక ఊడబీకిన కన్నం ఒక్కటే. బడి నుంచి వచ్చిన ఝాన్సీ నెత్తి కొట్టుకుని, అందులోంచి వాళ్ళకి చద్దన్నం అందించి, అరుగు మీద కూలబడి ఫోను తీసింది.

"నాన్నా!" అని అరిచింది మరుక్షణం. "ఇంక ట్యాంకెక్కక్కర్లేదు! ఇక్కడ అరుగు మీదే లెక్కల పాఠం బ్రహ్మాండంగా వస్తోంది!"

పైడిరాజు కళ్ళు చెమర్చాయి. "అరుగంటే... బయటా?"

"బయటే!"

"చచ్చాం! కారుతోందర్రా! రద్దైపోతే పిల్ల మళ్ళీ ట్యాంకెక్కుతుంది!"

ముగ్గురూ గోడలు తడిమారు. కన్నం కనబడింది. మూలనున్న మేడం గారి ఇటుకా కనబడింది.

"నాన్నా, ఆగు! రాత్రికి అన్నం ఎలా..."

"అన్నానిదేముందమ్మా, ముందు నీ చదువు!" అని పైడిరాజు ఇటుక కన్నంలో దూర్చి సిమెంటు మెత్తేశాడు. అంతే. చిమ్మచీకటి. పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది.

"ఝాన్సీ! ఇప్పుడు ఆగిందా?"

గోడవతల నుంచి సన్నగా జవాబొచ్చింది. "ఆగింది నాన్నా! తాపీ మేస్త్రీని పిలుచుకొస్తా, కదలకండి!" ఆ వెనకే లెక్కల మాస్టారి గొంతు కూడా వినబడింది.

"చూశారా, మన పనితనం చూడ్డానికి మాస్టారు కూడా వచ్చారు" అన్నాడు పైడిరాజు మీసం దువ్వుకుంటూ. "పదండి, బయటికెళ్ళి దణ్ణం పెడదాం."

"తలుపేదీ బావా?"

పైడిరాజు ఆలోచించాడు. "తలుపు కావాలని ఆఫీసుకి దరఖాస్తు పెడదాం."

"పంపేదెలా?"

"ఒక ఇటుక తీసి."

"తీస్తే ఇంటర్నెట్ పోదూ?"

"అందుకేరా, ముందు ఇటుక తియ్యడానికి అనుమతి కావాలని ఇంకో దరఖాస్తు రాస్తున్నా. ఏ గడీ ఖాళీ వదలకూడదు."

"ఉండండి," అంది సన్యాసమ్మ చీకట్లో తడుముకుంటూ, "నేను ముగ్గుకి చుక్కలు పెడతా."