ఏడో చింతగింజ

అనగనగా కొండల అవతల ఒక పెద్ద దేశం. అందులో ఎన్ని రాజ్యాలున్నాయో ఏటా ఒకసారి లెక్కపెట్టేవారు. ఎలాగో తెలుసా కన్నా? కోడికూతతో.

లెక్కరోజు తెల్లవారకముందే కోళ్ళన్నిటినీ గంపల కింద మూసేసి, రాజ్యానికి ఒక్క పుంజుని మాత్రం బయట ఉంచేవారు. తూర్పు నుంచి మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి కూసేవి. కొండమీద కూర్చున్న గింజలవ్వ కూతకొక చింతగింజ బుట్టలో వేసేది. బుట్టలో ఎన్ని గింజలుంటే నదికి అన్ని తూములు తెరిచేవారు. కూత వినబడని రాజ్యానికి ఆ ఏడాదంతా నీళ్ళు లేవు.

వరసలో చివరిది, అన్నిటికంటే చిన్నది గోరంతపాలెం. దాని రాణి పేరు చామంతి. వాళ్ళకున్నది ఒకే ఒక్క పుంజు, ఎర్రటి డేగపుంజు. అదంటే ఊరందరికీ ప్రాణం. గట్టిగా కూయాలని ముందురోజు ఒకరు చల్లని ముంజలు పెట్టారు, ఇంకొకరు గడ్డపెరుగు పెట్టారు, మరొకరు చెరుకురసం పట్టారు.

తెల్లారింది. ఆరు పుంజులు కూశాయి. ఆరు గింజలు పడ్డాయి. అప్పుడు డేగపుంజు మెడ సాచి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టేసింది పాపం.

"పొద్దు కొండ దాటేలోగా కూత వినబడాలి. లేకపోతే మన వరి ఎండిపోతుంది" అంది చామంతి.

ముందు మిరియాల కషాయం పట్టారు. పుంజు తుమ్మింది. తుమ్ముకి గింజ వెయ్యరు కదా. ఆ తర్వాత పక్క రాజ్యానికి పరిగెత్తి వాళ్ళ పుంజుని అడిగారు.

"మాది కూసి పడుకుందమ్మా. ఇప్పుడు బతిమాలినా లేవదు" అన్నాడు అక్కడి రాజు.

అప్పటికే సూర్యుడు సగం పైకొచ్చేశాడు. అప్పుడు చామంతి కిరీటం తీసి డేగపుంజు పక్కన పెట్టి, నిచ్చెన వేసుకుని ఇంటికప్పు ఎక్కింది. "కొక్కొరోకో" అని కూసింది. కింద జనం ముందు నోరెళ్ళబెట్టారు. ఆ తర్వాత ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ అందుకున్నారు.

కొండమీద అవ్వ పక్కన కూర్చుని లెక్క చూస్తున్న మంత్రి మూతి ముడిచాడు. "అవ్వా, అది కోడి కాదు. రాణిగారు. పైగా శ్రుతి కూడా లేదు."

"నాకూ చెవులున్నాయి నాయనా" అంది గింజలవ్వ. "అక్కడ మనుషులున్నారని చెప్పడానికే కదా కోడిని కూయించేది? ఆ మనుషులే చెబుతుంటే ఇంకా కోడెందుకు?"

టప్. ఏడో గింజ పడింది. ఏడో తూము తెరుచుకుంది. గోరంతపాలెం కాలవలోకి నీళ్ళు గలగలా వచ్చాయి. చామంతి కప్పుమీదే కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని నడుం వాలిస్తే, అప్పుడొచ్చింది డేగపుంజుకి గొంతు. కొక్కొరోకో.

"ఇప్పుడా నాన్నా" అని దానిమీద గంప బోర్లించారు.

పుంజు చేరె గంపలోకి,
నీళ్ళు చేరె చేలలోకి,
కథ వెళ్ళె కంచిలోకి,
కన్నా, నువ్వు నిద్దర్లోకి.