వెన్న సంచులు కట్టుకున్న కొమ్మువాడు

ఒకానొక రాజ్యంలో కోట తలుపులు ఊపిరితో తెరుచుకునేవి. రోజూ పొద్దున్నే దాసప్ప బురుజెక్కి కొమ్ము ఊదేవాడు. తలుపులు బార్లా తెరిచేదాకా ఒక్క ఊపిరిలో ఊదాలి. మధ్యలో ఆగితే అపశకునమని మళ్ళీ మూసేసేవారు. తాతల నాటి ఆనవాయితీ అది.

రాజు ఉద్దండవర్మ భారీ మనిషి. తన బరువే తన ఘనత అనుకునేవాడు. ఒకనాడు నిండు సభలో, "పెద్ద కుండలో ఎక్కువ నీళ్ళు పడతాయి. పెద్ద ఒంట్లో ఎక్కువ ఊపిరి పడుతుంది. ఇకమీదట అందరికంటే బరువైనవాడే కొమ్ము ఊదాలి. రేపు తూకం వేయండి. ఎలాగూ మా బావమరిది పెద్దిరాజే నెగ్గుతాడు" అన్నాడు.

పెద్దిరాజు కూర్చున్నచోటే మీసం దువ్వాడు. లేవడం ఆయనకు కష్టం.

దాసప్ప బక్కపలచని మనిషి. నలుగురు పిల్లల తండ్రి, మరో పని రాదు. ఆస్థానంలో చమత్కారి అయిన వెంగన్న దగ్గరికి పరుగెత్తాడు.

"బాబయ్యా, నా కూడు పోయింది!"

"ఏడవకురా. తెల్లారేసరికి నిన్ను లావు చేస్తాను."

మర్నాడు బురుజు కింద పెద్ద తక్కెడ కట్టారు. ఛాతీకీ పొట్టకీ వెన్న కూరిన తోలు సంచులు బిగించుకుని దాసప్ప వచ్చాడు. పెద్దిరాజు కంటే అయిదు వీశెలు ఎక్కువే తూగాడు.

"ప్రభువులు బరువైనవాడన్నారు గానీ, ఆ బరువు సొంతమై ఉండాలనలేదు. ఆజ్ఞ ప్రకారం దాసప్పే నెగ్గాడు" అన్నాడు వెంగన్న.

రాజు ఉడుక్కున్నాడు. "ఏదీ, ఊదమను చూద్దాం!"

దాసప్ప ఆయాసపడుతూ బురుజెక్కి ఊదాడు. తలుపులు సగం తెరిచేసరికి ఊపిరి అయిపోయింది. తలుపులు మళ్ళీ మూశారు. బయట పాలకుండలవాళ్ళు గోల పెట్టారు.

"చూశావా? వీడికి చేతకాదు!" అన్నాడు రాజు సంబరంగా.

"ఒక్కసారి ఆ సంచులు విప్పనివ్వండి ప్రభూ" అన్నాడు వెంగన్న.

విప్పి ఊదాడు దాసప్ప. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పాలకుండలన్నీ లోపలికి వచ్చేశాయి. కొమ్ము ఇంకా మోగుతూనే ఉంది!

"మనిషి వాడే, కొమ్మూ అదే" అన్నాడు వెంగన్న. "ఊపిరిని లాగేది కండ ప్రభూ. రోజూ బురుజెక్కి వీడు సంపాదించుకున్నది అదే. కొవ్వు దానిమీద కూర్చుని అదిమేస్తుంది, అంతే."

పెద్దిరాజుకు రోషం వచ్చింది. "నాది కట్టుకున్న మూట కాదు. నా సొంత ఒళ్ళు!"

"అదే కదా చిక్కు దొరా! దాసప్ప విప్పేసుకున్నాడు. తమరెలా విప్పుతారు?"

రాజు పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి రొప్పుతూ మెట్టుమీద చతికిలబడ్డాడు. తన పొట్ట తడుముకుని, "వెంగన్నా, నాదీ మూటేనయ్యా!" అని ఒప్పుకున్నాడు.

చేతి కంకణం తీసి వెంగన్నకు తొడిగాడు. కొమ్ము కొలువు దాసప్ప వంశానికే రాసిచ్చాడు. వెన్న కూడా వాళ్ళింటికే పంపించాడు, పెద్దిరాజు కంట పడకుండా.