పడవగా మారిన పట్టు

ఏటికి ఈ దరినున్న సిరివరం రాజ్యంలో గన్నయ్య అనే కొత్వాలు ఉండేవాడు. ధైర్యవంతుడే కానీ, ఒకరిని సాయం అడగడమంటే అతనికి మహా నామోషీ.

ఒకసారి బుడ్డన అనే దొంగ సాలెవీధిలో పడి, పెళ్ళి చీరల కోసం దాచుకున్న పట్టునూలంతా ఎత్తుకుపోయాడు. కొన్నాళ్ళకు గన్నయ్య వాణ్ణి పట్టుకుని, సంకెళ్ళు వేసి వీధుల్లో నడిపించాడు. జనం జేజేలు కొట్టారు. సాలెవీధి చౌడమ్మ మాత్రం ఎదురొచ్చి నిలబడింది.

"దొరా, దొంగ దొరికాడు, సంతోషం. మరి మా నూలేదీ? మగ్గాలు ఆగిపోయాయి. పిల్లలకు గంజి కూడా కరువైంది."

గన్నయ్య బుడ్డన వైపు తిరిగాడు. బుడ్డన నవ్వాడు.

"నూలు ఎప్పుడో ఏరు దాటింది. అవతల రత్నగిరి రాజ్యం. అక్కడ మీ మాట చెల్లదు."

"అక్కడి న్యాయాధికారికి కబురు పంపుదామా అయ్యా?" అని ఒక బంటు అడిగాడు.

"పరాయివాళ్ళను దేబిరించడమా? నేనా?" అని గన్నయ్య కసిరాడు. బంట్లను వెంటేసుకుని, చెప్పాపెట్టకుండా ఏరు దాటాడు. రేవులో దిగగానే అక్కడి కాపలావాళ్ళు చుట్టుముట్టి, కత్తులు లాక్కుని అందరినీ చెరలో పెట్టారు.

మర్నాడు న్యాయాధికారి కామసాని అతణ్ణి పిలిపించి, సంగతంతా వింది.

"ఒక్క కబురు పంపితే మేమే రేవుకు ఎదురొచ్చేవాళ్ళం కదా! నిన్న మీరు చేసిన గొడవకు ఇక్కడే ఉంటున్న బుడ్డన బావమరిది బెదిరి, తన ఇంట్లో దాచిన నూలుతో ఉడాయించాడట" అంది.

గన్నయ్యకు చౌడమ్మ ముఖం గుర్తొచ్చింది.

"తప్పు నాదేనమ్మా. ఆ సాలెవాళ్ళ కోసం అడుగుతున్నాను. సాయం చెయ్యండి" అన్నాడు.

కామసాని అతణ్ణీ, బంట్లనూ విడిపించి, కత్తులు తిరిగి ఇప్పించి, వాకబు చేయించింది. పట్టుబడకముందే బుడ్డన నూలులో చాలా భాగాన్ని ఒక వర్తకుడికి అమ్మేశాడని తేలింది. ఆ డబ్బుతో పెద్ద సరుకుల పడవ కొని రేవులో కట్టేశాడు. కామసాని ఆ పడవను గన్నయ్యకు చూపించింది.

"నేను వచ్చింది పట్టు కోసం. పడవెందుకు?" అన్నాడు గన్నయ్య.

"ఆ పట్టే పడవగా మారింది. దొంగసొమ్ము ఏ రూపంలో ఉన్నా సొంతదారులదే. అయితే మీరు అడిగారని ఊరికే ఇచ్చెయ్యలేను. సాలెవాళ్ళను పిలిపించండి. నూలు కొన్న వర్తకుణ్ణీ పిలుస్తాను. ఇరువైపులా విని తీర్పు చెబుతాను."

చౌడమ్మ, ఆమె వీధివాళ్ళు ఏరు దాటి వచ్చారు. వర్తకుడి దగ్గర మిగిలిన ఒక్క నూలు చుట్టను చూడగానే తమదేనన్నారు. బుడ్డన దగ్గరే కొన్నానని వర్తకుడూ ఒప్పుకున్నాడు. కామసాని పడవను వేలం వేయించి, వచ్చిన సొమ్ము చౌడమ్మ చేతిలో పెట్టించింది. బావమరిది పట్టుకుపోయిన నూలు మాత్రం దొరకలేదు. ఆ నష్టాన్ని గన్నయ్య తన జీతంలోంచి పూడ్చాడు.

బయల్దేరేముందు కామసాని అడిగింది: "రేపు మా దొంగ మీ దరికి వస్తే?"

"కబురు పంపండి చాలు. దొంగనూ, సొత్తునూ కూడా అప్పగిస్తాను" అన్నాడు గన్నయ్య.

నీతి: పోయిన సొత్తు సొంతదారు చేతికి చేరినప్పుడే న్యాయం పూర్తవుతుంది, అందుకోసం పొరుగువారి సాయం అడగడంలో చిన్నతనమేమీ లేదు.