నాలుగు కర్రల కొసరు

అనగా అనగా, ఉప్పును ఇంకా కుంచాలతో కొలిచి అమ్ముకునే కాలంలో, సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. గట్టు మీద రాజుగారి కోట. కోట కింద మూడు పేటలు. ఒక పేటలో పడవలవాళ్ళు, ఒక పేటలో కుమ్మరులు. అన్నిటికన్నా పల్లంలో, పోటు వస్తే గుమ్మం దాకా నీళ్ళు వచ్చేచోట, ఉప్పు పండించేవాళ్ళు. ఆ పేటను ఉప్పురేవు అనేవారు.

ఆ రాజ్యంలో చిన్నా పెద్దా అందరికీ ఒకటే పిచ్చి. కర్రాబిళ్ళ! వానలు వెనకబట్టి, ఉప్పుమడుల పని ఇంకా మొదలుకాని కార్తీకం, మార్గశిరం, పుష్యం మూడు నెలలూ అదే లోకం. మూడు పేటల జట్లూ, కోట జట్టూ ఒకదానితో ఒకటి తలపడేవి. పున్నమికి ఒక ఆట. ఆడేవాళ్ళలో ఒక్కడూ ఆటనే నమ్ముకుని బతికేవాడు కాదు. పొద్దున్న గట్లకు మట్టి వేసి, కాళ్ళు కడుక్కుని, మధ్యాహ్నం కర్ర పట్టుకునేవాళ్ళు.

ఆట మీకు తెలిసిందే. నేలలో చిన్న గుంట, గుంట మీద బిళ్ళ. కర్రతో కొస మీద తడితే బిళ్ళ పైకి లేస్తుంది. లేచినదాన్ని గాలిలోనే సత్తువకొద్దీ కొడితే ఎగిరి ఎక్కడో పడుతుంది. అయితే ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. బిళ్ళ పడ్డాక, కొట్టిన జట్టు పెద్ద కంటితోనే దూరం చూసి, 'ఇన్ని కర్రలు' అని ఆటలో తీర్పు చెప్పే తగవరి చెవిలో చెప్పాలి. అది ఎదుటి జట్టుకు వినపడకూడదు. అప్పుడు తగవరి ఎదుటివాళ్ళను అడుగుతాడు: "మాటా? కొలతా?"

"మాట" అంటే చెవిలో చెప్పిన లెక్కే ఖాయం. "కొలత" అంటే కర్రతో కొలుస్తారు. చెప్పినదానికన్నా తక్కువ తేలితే ఆ దెబ్బకు సున్నా. ఎక్కువ తేలితే కొలిచినంతా కొట్టినవాళ్ళకే. జట్టుకు మూడు దెబ్బలు. మొత్తం ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు.

ఆ ఏడు ఆటకు ముందే ఒక తగవు వచ్చింది. ఉప్పురేవు పక్కన మెరకదిబ్బ ఒకటి ఉంది. పోటు నీళ్ళు ఎక్కనిది ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఉప్పువాళ్ళు తీసిన ఉప్పంతా దాని మీదే రాశులు పోసుకునేవాళ్ళు. కోట దళవాయి భైరవుడి కన్ను దాని మీద పడింది. గుర్రాలకు పాకలు వేస్తానన్నాడు. ఉప్పువాళ్ళు రాజుగారి కాళ్ళ మీద పడ్డారు. రాజుగారికి ఇద్దరినీ నొప్పించడం ఇష్టం లేదు. ఆలోచించి ఇలా అన్నారు:

"ఈ ఏడు మూడు ఆటలూ గెలిచిన జట్టు ఏది కోరితే అది ఇస్తాను. దిబ్బ సంగతి అక్కడే తేలుతుంది."

భైరవుడు మీసం మీద చెయ్యి వేశాడు. కోట జట్టు పదేళ్ళుగా ఓడలేదు మరి. ఉప్పురేవులో మాత్రం ఆ పూట పొయ్యిలు వెలగలేదు. దిబ్బ పోతే రాశులు పోసుకునే చోటు లేదు. రాశి లేకపోతే ఉప్పు లేదు. ఉప్పు లేకపోతే ఇక ఊరెందుకు?

ఉప్పురేవు జట్టుకు పెద్ద అసిరయ్య. బిళ్ళ కొట్టేవాడు అతని బావమరిది ఎర్రన్న. ఎర్రన్న కొడితే బిళ్ళ కాకిలా ఎగిరేది. చిక్కంతా అసిరయ్య నోటితోనే వచ్చింది.

ఎందుకంటే, ఉప్పు అమ్మేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. కుంచం నిండా కొలిచాక, పైన ఒక దోసెడు కొసరు పోస్తారు. ఉప్పు దారిలో చెమరుస్తుంది, కొంత కరుగుతుంది. ఇంటికి చేరాక కొన్నవాడి కుంచం కుంచంలాగే ఉండాలని వాళ్ళ పట్టుదల. తాత పోశాడు, తండ్రి పోశాడు, అసిరయ్యా పోశాడు. పోసి పోసి ఆ కొసరు అతని ఎముకల్లోకి దిగిపోయింది. బిళ్ళ పడ్డచోటు చూసి కన్ను నలభై నాలుగంటే, నోరు నలభై అనేది. ప్రతిసారీ నాలుగు కర్రలు తగ్గించే చెప్పేవాడు.

కార్తీకపున్నమికి పడవలవాళ్ళతో ఆట. వాళ్ళు చేపలకు చల్లే ఉప్పు ఏళ్ళ తరబడి అసిరయ్య దగ్గరే కొంటున్నారు. తగవరి సోమన్న అడిగిన మూడుసార్లూ వాళ్ళు నవ్వుతూ "మాట" అనేశారు. ఉప్పురేవు మూడు కర్రల తేడాతో గెలిచింది. డప్పులు మోగాయి. అసిరయ్య పెళ్ళాం సూరమ్మ మాత్రం తానే కర్ర పట్టుకుని వెళ్ళి కొలిచి వచ్చింది.

"ఏటయ్యా ఇది? పదిహేను కర్రల గెలుపుని మూడు సేసీసావు!"

"గెలిసాం కదే," అన్నాడు అసిరయ్య.

మార్గశిరపున్నమికి కుమ్మరులతో ఆట. వాళ్ళూ మూడుసార్లూ "మాట" అన్నారు. ఉప్పురేవు గెలిచింది కానీ, ఒకే ఒక్క కర్రతో! ఒక ముసలామె గంజికుండ దించి నేల మీద చతికిలబడింది. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా పేట పేటంతా అసిరయ్య మీద విరుచుకుపడింది.

"బావా, పోనీ నువ్వు తప్పుకో. సోమన్న సెవిలో నేను సెప్తాను," అన్నాడు ఎర్రన్న.

"ఉప్పు మీద కొసరు పోస్తే పున్నెం. ఆట మీద ఎవడు పొయ్యమన్నాడయ్యా?" అంది సూరమ్మ. "రేపు ఆ దిబ్బ పోతే ఉప్పెక్కడ పోస్తావు? నా నెత్తి మీదా?"

అసిరయ్యకు సిగ్గువేసింది, భయమూ వేసింది. "సరే. ఈసారి ఉన్నది ఉన్నట్టే సెప్తాను. కావాలంటే నువ్వే పరీచ్చ పెట్టు," అన్నాడు.

మర్నాడు మడుల దగ్గర ఎర్రన్న మూడుసార్లు కొట్టాడు. అసిరయ్య కొసరు తియ్యకుండా కన్ను చెప్పింది చెప్పినట్టు అన్నాడు. సూరమ్మ కొలిచింది. నలభై నాలుగు అన్నది నలభై మూడే వచ్చింది. నలభై అన్నది నలభై రెండు వచ్చింది. నలభై ఆరు అన్నది నలభై అయిదే వచ్చింది.

సూరమ్మ కర్ర కింద పెట్టింది. "అంటే నిన్ను నమ్మకుండా కొలిపించేవాడు ఎదురుగుంటే, మూడిట్లో రెండు సున్నాలే!" అంది.

"కన్నుకి ఒకటో రెండో అటూ ఇటూ అవుతాదే. సముద్రం గాలి, ఎండ... కన్ను దేముడేటి?"

"అయితే నీకు ఏది తోస్తే అదే సెప్పు. ఎవులేటన్నా నేను కాసుకుంటాను," అంది సూరమ్మ. ఆ మాటతో అసిరయ్య గుండె మీది బండ దిగినట్టయింది.

పుష్యపున్నమి రానే వచ్చింది. కోట ముందరి మైదానం నిండిపోయింది. ఓడిన పడవలవాళ్ళూ, కుమ్మరులూ కూడా వచ్చి ఉప్పురేవు పక్కనే కూర్చున్నారు. రాజుగారు గొడుగు కింద కూర్చున్నారు. కోట జట్టూ అప్పటికే రెండు ఆటలు గెలిచి ఉంది. మొదటి వంతు కోట జట్టుది.

భైరవుడే కొట్టాడు. బిళ్ళ దూరంగానే పడింది. అతను సోమన్న చెవిలో ఏదో చెప్పి, కత్తి పిడి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. అతని అలవాటే అది. అందుకే పదేళ్ళుగా ఏ పేటవాడూ కోట జట్టును "కొలత" అని అడగలేదు. అందుకే పదేళ్ళుగా కోట జట్టు ఓడలేదు.

"మాటా? కొలతా?" అన్నాడు సోమన్న.

"కొలత," అన్నాడు అసిరయ్య. గట్టిగా అరవలేదు, మామూలుగానే అన్నాడు.

సోమన్న రాజుగారి వంక చూశాడు. రాజుగారు తల ఊపారు. కొలిచారు. చెప్పింది అరవై అయిదు, తేలింది యాభై ఎనిమిది. సున్నా! పేటల జనం ఇంతకాలం దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా నవ్వేశారు. భైరవుడి ముఖం కందగడ్డ అయింది. ఇక రాజుగారి కళ్ళ ఎదుట బొంకడానికి ధైర్యం చాలక, తక్కిన రెండుసార్లూ సరిగ్గానే చెప్పాడు. ఎంతైనా కండబలం ఉన్నవాడు. అరవై ఆరు, అరవై ఏడు. మొత్తం నూట ముప్పై మూడు.

అప్పటినుంచీ భైరవుడికి గెలుపు ఒక్కటే చాలలేదు. ఈ ఉప్పువాడు కూడా దొంగేనని నలుగురిలో తేల్చాలి.

ఎర్రన్న మొదటి దెబ్బ కొట్టాడు. అసిరయ్య కన్ను నలభై నాలుగు అంది, నోరు నలభై అని చెప్పింది.

"కొలత!" అని కేకవేశాడు భైరవుడు. కొలిస్తే సరిగ్గా నలభై నాలుగు తేలింది. నాలుగు కర్రలు ఉచితంగా వచ్చి పడ్డాయి. డప్పులు దద్దరిల్లాయి. 'ఎర వేస్తున్నాడు, మళ్ళీ చిక్కను' అనుకున్నాడు భైరవుడు.

రెండో దెబ్బకు అసిరయ్య ముప్పై తొమ్మిది అని చెప్పాడు. ఈసారి భైరవుడు పళ్ళు బిగించి "మాట" అన్నాడు. బిళ్ళ నలభై మూడు కర్రల దూరంలో పడి ఉన్నా, లెక్కకు ముప్పై తొమ్మిదే వచ్చింది. జనం ఉసూరుమన్నారు.

మొత్తం ఎనభై మూడు. గెలవాలంటే చివరి దెబ్బకు యాభై ఒకటి కావాలి.

ఎర్రన్న చేతులకు మట్టి రాసుకున్నాడు. బిళ్ళను లేపి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి కొట్టాడు. బిళ్ళ గాలికి ఎదురు వెళ్ళి, గుర్రాలను కట్టే గుంజ పక్కన పడింది.

అసిరయ్య చూశాడు. మళ్ళీ చూశాడు. యాభై ఒకటిలా ఉంది. అయితే నలభై తొమ్మిదీ కావచ్చు, యాభై మూడూ కావచ్చు. వెనక నుంచి కేకలు. "యాభై ఒకటి అనీ!" "అరవై అనీ అసిరయ్యా!" యాభై ఒకటి అంటే దిబ్బ దక్కవచ్చు. అలవాటు ప్రకారం నలభై ఏడు అంటే, భైరవుడు "మాట" అన్న మరుక్షణం దిబ్బ పోతుంది, ఊరు పోతుంది. కానీ యాభై ఒకటి తన కన్ను చూసిన లెక్కా, తన ఆశ చూసిన లెక్కా? ఎంత తరచి చూసుకున్నా అతనికి అది ఆశ లెక్కే అనిపించింది. ఒట్టు వేసి చెప్పగలిగింది నలభై ఏడే.

జనంలోకి చూశాడు. సూరమ్మ అరవడం లేదు. నిబ్బరంగా నిలబడి ఉంది. అసిరయ్య వంగి సోమన్న చెవిలో నలభై ఏడు అని చెప్పాడు.

"మాటా? కొలతా?"

భైరవుడు వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. 'వాడికి కావలసింది యాభై ఒకటి. ఊరంతా నెత్తీనోరూ కొట్టుకుంటోంది. ఇలాంటప్పుడు తక్కువ చెప్పే వెర్రివాడు ఎవడుంటాడు? నేనైతే అరవై చెబుతాను. వాడు కనీసం యాభై అయిదు చెప్పి ఉంటాడు. కొలిపిస్తే సున్నా! దొంగ అన్న పేరు అదనం.'

"కొలత!" అని గర్జించాడు.

సోమన్న గొంతు సవరించుకున్నాడు. "అసిరయ్య చెప్పింది నలభై ఏడు."

ఎర్రన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. భైరవుడికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గంతు వేశాడు. "మాట! మాట! నేను అన్నది మాట!"

"నోరు దాటిపోయింది దళవాయీ," అన్నాడు సోమన్న, కర్ర అందుకుంటూ.

ఒక్కొక్క కర్రా పడుతుంటే జనం గొంతు కలిపి లెక్కపెట్టారు. నలభై ఏడు దాటింది. నలభై తొమ్మిది. యాభై. అక్కడ అందరూ ఆగిపోయి, లెక్కపెట్టడానికి సోమన్న ఒక్కడే మిగిలాడు. యాభై ఒకటి. సోమన్న ఇంకోసారి కర్ర పరిచాడు. కర్ర కొన బిళ్ళను తాకింది.

"యాభై రెండు!"

ఆ మీదట ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు. ఎర్రన్న అసిరయ్యను భుజాన వేసుకుని మైదానం అంతా తిరిగాడు. పడవలవాళ్ళు తలపాగాలు గాల్లోకి విసిరారు.

రాజుగారు అసిరయ్యను దగ్గరికి పిలిచారు. "యాభై ఒకటి కావలసి ఉండగా నలభై ఏడు అని ఎందుకు చెప్పావయ్యా?"

"ఒట్టేసి సెప్పగలిగింది అంతే మారాజా," అన్నాడు అసిరయ్య.

రాజుగారు భైరవుడి వైపు తిరిగారు. "ఈసారి నువ్వు కొలవమనకపోతే గెలిచేవాడివి. ఇతన్ని నమ్మినవాళ్ళు కొద్దిలోనే ఓడారు. నమ్మనందుకు నువ్వు పదేళ్ళ పేరు పోగొట్టుకున్నావు." అని, మెరకదిబ్బను ఉప్పురేవుకు శాశ్వతంగా రాసి ఇచ్చారు. గుర్రాల పాకలు కోట పెరట్లోనే వేయించుకోమన్నారు.

ఇంటికి వెళుతూ సూరమ్మ మొగుడి వీపు మీద ఒకటి చరిచింది. "నలభై ఏడంట, నలభై ఏడు! నా పేనం పోయి తిరిగొచ్చినాది," అని ఏడుస్తూ నవ్వింది.

కాబట్టి పిల్లలూ, ఎంత అవసరం మీద పడినా తాను నిజమని నమ్మిన మాట దాటనివాడు నిలుస్తాడు. లోకమంతా తనలాగే బొంకుతుందనుకునేవాడు తన నోటితోనే ఓడతాడు.