తుడిచిన పాదం

ఓబుళమ్మ కుడికాలు తీసేయక తప్పదని డాక్టరు చెప్పి వెళ్లాక, దాదాపీర్ వచ్చి గురువు హుసేనీ బాబా ఎదుట కూలబడ్డాడు. ఈ సేవ నుంచి తనను తప్పించమని అడిగాడు.

దర్గా పక్కనే కుష్ఠు నయమైనవాళ్ల కాలనీ ఉంది. ఓబుళమ్మ ఉండేది అక్కడే. జబ్బు పోయినా వాళ్ల పాదాలకు స్పర్శ రాదు, చెమట పట్టదు. చర్మం ఎండి పగులుతుంది, పగులు పుండవుతుంది. ఆ పాదాలను నానబెట్టి క్రీము రాయడం బాబా శిష్యుల పని. ఏడు నెలలుగా దాదాపీర్ ఒక్క పూట తప్పలేదు. శుభ్రానికి అతని తర్వాతే ఎవరైనా. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేశాక ముఖం తుడుచుకోవడానికి కూడా అప్పుడే ఉతికిన తువ్వాలు కావాలి.

అతను క్రీము డబ్బా బాబా ముందు పెట్టాడు. ఇందులో డైమెథికోన్ అని ఒక సిలికోన్ ఉందట, అది ప్లాస్టిక్‌కు చుట్టమట. అదే ఒంట్లోకి ఇంకి ఆమె కాలు తినేసిందన్నాడు. అది కాకపోతే తన చేతికే బర్కత్ లేదని, దేవుడి దీవెన లేదని ఏడ్చాడు.

బాబా డబ్బా తీసుకుని ఓబుళమ్మ గుడిసెకు నడిచాడు. ఆమె ఎడమ పాదాన్ని నీళ్ల బకెట్లో పెట్టించి అరగంట పక్కనే కూర్చున్నాడు. పాదం బయటికి తీయగానే దాదాపీర్ అలవాటుగా తువ్వాలు అందుకున్నాడు. రోజూ ఒత్తి తుడిచి, ఎండలో బాగా ఆరబెట్టాకే అతను క్రీము రాసేవాడు.

బాబా ఆ తువ్వాలు తీసుకుని తన మోకాలి కింద పెట్టుకున్నాడు. తడి మడమకే క్రీము రాశాడు. పైన చెంబెడు నీళ్లు పోస్తే పూసలై జారిపోయాయి. తర్వాత తన చేతులు చాపి చూపించాడు. పదేళ్లుగా రోజూ ఇదే క్రీము అంటినా ఏమీ కాని చేతులవి.

"ఇది లోపలికి పోదు బేటా. గడప దగ్గరే నిలబడుతుంది. లోపలి తడిని బయటికి పోనివ్వదు."

దాదాపీర్ వంగి ఆ మడమను వేలితో తాకాడు.

"లోపల తడి లేకపోతే, బాబా?"

"ఎండినదానికే కాపలా కాస్తుంది."

తుడవొద్దని మొదటిరోజే, క్రీము డబ్బా ఇస్తూ ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది. తడి మీద రాస్తే జిడ్డు, మట్టి అంటుతుందని అతనే వినలేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. అతను ఓబుళమ్మ వైపు తలెత్తలేకపోయాడు.

"ఆ పిల్లోన్ని ఏమీ అనొద్దు సామీ," అంది ఆమె. "నా కాళ్లు ఇంత ముద్దుగా తుడిచినోళ్లు పుట్టినకాడ్నించి ఎవురూ లేరు."

శుక్రవారం కాలు తీసేశారు.

ఆమె ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన పొద్దున దాదాపీర్ బకెట్ తెచ్చాడు. మిగిలిన ఒక్క పాదాన్ని నానబెట్టి, పైకి తీసి, అలవాటుగా భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు. తడి మడమకే క్రీము రాశాడు.

కళ్లు కూడా తుడుచుకోలేదు.